మూడు బారల గట్టు

మందు ట్యాంకు పదహారు లీటర్లు.
పట్టీలు భుజాన్ని ఎక్కడ కోస్తాయో
చొక్కా విప్పినప్పుడు మా ఆవిడకి తెలుస్తుంది.
ట్యాంకుకి ఇంతని లెక్క,
సార్వాకి ఒక రేటు, దాళ్వాకి ఒకటి.
ఊద, తుంగ, గట్టు మీద పచ్చగా ఏముంటే అది
నాలుగో రోజుకి ఎండు చాప.
ఈ లంకలో నా చేతికి మంచి పేరే ఉంది.

పల్లాలమ్మ మా అమ్మకి పినతల్లి.
యాభై ఏళ్ళు కలుపు తీసింది గానీ
ఏది కలుపన్న దగ్గర
ఆసామికీ ఆవిడకీ ఎప్పుడూ పడలేదు.
ఆయన గట్టు మీదకి విసిరెయ్యమన్నది
ఆవిడ ఒళ్ళోకి పోయేది.
పొద్దుగూకి కొంగు విప్పితే
చేలో సగం మా వాకిట్లో.
పొన్నగంటి, ఎర్రకాడల గంగవాయిలి,
తెల్లపూలతోనే తుమ్మికూర,
మినపచేలో ఏరిన నాలుగు బుడమకాయలు,
అంటుకున్న జలగ ఒకటి.

కూలి డబ్బులు బియ్యానికే సరి.
కూర చేను పెట్టేది.

పొన్నగంటిలో పెసరపప్పు పలుకుగా ఉండాలనేది.
గంగవాయిలికి చింతపండు వెయ్యనిచ్చేది కాదు,
దాని పులుపు అది పుట్టింటి నుంచే తెచ్చుకుంటుందట.
నల్లేరు కణుపులు ఒలిచే ముందు
నా రెండు చేతులకీ నూనె రాసేది,
అయినా దురద పెట్టేది, అయినా పచ్చడికి కూర్చునేవాణ్ణి.
తుమ్మికి మాత్రం ఏడ్చేవాణ్ణి.
"మొదటి ముద్ద నీకు, రెండోది నీ కడుపుకి" అని
బుగ్గ నొక్కి పెట్టేసేది.
"నీళ్ళ మీద పాకేది తూటికూర,
గట్టున నిలబడేది తూటికాడ.
పాకేదాన్ని తిను.
నిలబడేదాన్ని మేకైనా ముట్టదు,
దడి కట్టుకో."
నేను చదివిన చదువులో
ఇప్పటికీ మర్చిపోనిది ఇదొక్కటే.

ఎనభయ్యారు వరదలో నేను పుట్టలేదు.
బువ్వ పొట్లాలు వచ్చేదాకా
మూడు ఇళ్ళవాళ్ళు ఏటిగట్టు మీద
విరిగిన మునగకొమ్మ ఆకు దూసుకుని,
కొట్టుకొచ్చిన తాటిపళ్ళు కాల్చుకుని తిన్నారట.
నీరు తీశాక ఇసక మేటలో
మొదట తలెత్తింది ఏంటో చెప్పమనేది.
వరి అనేవాణ్ణి. నవ్వేది.

మొన్న కార్తీకంలో పిలిచింది.
కళ్ళల్లో పొర కమ్మింది, మనిషిని గొంతుతో పట్టుకుంటోంది.
"ఏసోబూ, చినకాపు గారి మడి గట్టున
పొన్నగంటి లేచుంటుంది గానీ
గుప్పెడు గిల్లుకురారా."

ఆ గట్టుకి సోమవారమే కొట్టాను.

చెప్పలేదు.
రావులపాలెం సంతకి బండేసుకుపోయి
పది రూపాయల కట్ట తెచ్చిచ్చాను,
రబ్బరు బేండు తీసేసి మరీ.
ముక్కు దగ్గర పెట్టుకుంది.
ఒక ఆకు నమిలింది.
"బురద వాసన లేదేరా దీనికి"
అంది. అంతే.
వండించుకుని తినేసింది పాపం, మారు అడిగి మరీ.
ఆ రాత్రి కంచం ముందు నేను
చెయ్యి మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాను.

ఈ దాళ్వాకి మళ్ళీ అదే చేను.
తూము దగ్గర మూడు బారల మేర
గాలి అటు లేని పూట చూసి
గొట్టం పక్కకి తిప్పి నడిచాను.
వారం తిరక్కుండానే చినకాపు గారు నిలేశారు.
"అక్కడ వదిలేశావేంటోయ్?"
"నాజిల్ అడ్డుపడిందండి."
"మళ్ళీ కొట్టు."
"ఆయ్" అన్నాను.
ఆయ్ అనడానికేం, ట్యాంకు దించి కూడా అనొచ్చు.

మొన్న తెల్లారకట్ట
కత్తీ సంచీ లేకుండా ఊరికే పోయాను,
ఎంత లేచిందో చూద్దామని.
అప్పటికే ఎవరో వచ్చి వెళ్ళారు.
లేత కొసలు మాత్రమే గిల్లి ఉన్నాయి,
ఒక్క వేరూ కదల్లేదు,
గిల్లిన చోట తడి ఇంకా ఆరలేదు.
పల్లాలమ్మ మంచం దిగదు.
బురదలో చిన్న పాదాలు
తూము దాటి అవతలి వీధి వైపు పోయాయి.

నాకు మిగిలిన గుప్పెడు
నేనూ గిల్లుకున్నాను,
వేరు కదలకుండా.